కొండవాలు గోల్ఫ్ మైదానంలో ఆడేవారికి: ముందు పాదం, తరువాత బంతి

దక్షిణ ఒడిశాలోని కోరాపుట్, జైపూర్, రాయగడ, గుణుపూర్, పర్లాకిమిడి పట్టణాలలో తరతరాలుగా ఉంటున్న తెలుగు కుటుంబాలలో గోల్ఫ్ ఆడేవారు వేళ్లమీద లెక్కపెట్టదగినంత మందే ఉంటారు. ఉద్యోగరీత్యా హైదరాబాదుకో ఢిల్లీకో వెళ్లి నేర్చుకొని వచ్చినవారు కొందరు, పిల్లల ప్రోద్బలంతో యాభై దాటాక మొదలుపెట్టినవారు మరికొందరు; నేను రెండో రకానికి చెందినవాణ్ణి. మా వైపు నుంచి ఘాట్ రోడ్డు దిగి విశాఖపట్నం చేరితే అక్కడి ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్బు మైదానం ఎత్తుపల్లాలతోనే స్వాగతం పలుకుతుంది. టీవీలో కనిపించే చదునైన పచ్చికను మనసులో పెట్టుకొని వెళ్లినవారు మొదటి రెండు మూడు హోల్స్‌లోనే (మొదటి దెబ్బ నుంచి బంతిని గుంతలో వేసేదాకా సాగే ఒక్కో భాగం ఒక హోల్) తెల్లబోయి, తమ చేతివాటం చెడిందని బాధపడుతుంటారు. చాలాసార్లు చేతుల్లో ఏ లోపమూ ఉండదు, పాదాల కింది నేల ఏటవాలుగా ఉండటమే అసలు కారణం. కొండ మైదానంలో ప్రతి షాట్‌కు ముందు వేసుకోవలసిన ప్రశ్న బంతి ఎంత దూరం పోవాలన్నది కాదు, అది ఆగిన చోట మన రెండు కాళ్లూ ఎలా నిలుస్తాయన్నది. ఈ వ్యాసంలో చెప్పబోయేదంతా ఆ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

పబ్లిక్ మైదానం స్వభావం

సభ్యత్వంతో పని లేకుండా, ఆ రోజుకు రుసుము చెల్లించి ఎవరైనా ఆడగలిగే మైదానాన్ని పబ్లిక్ కోర్సు అంటారు. మన దేశంలో ఇవి తక్కువ. ఢిల్లీలోని లాడో సరాయ్ వద్ద ఢిల్లీ అభివృద్ధి సంస్థ నిర్వహిస్తున్న కుతుబ్ గోల్ఫ్ కోర్సు ఈ కోవలోనిది. సిమ్లాకు సమీపంలో, సముద్రమట్టానికి దాదాపు 2,200 మీటర్ల ఎత్తున దేవదారు చెట్ల మధ్య నల్దేహ్రా మైదానం ఉంది. మిగిలినవి ఎక్కువగా సభ్యుల క్లబ్బులో, సైన్యం లేదా పరిశ్రమల టౌన్‌షిప్‌లకు చెందినవో కావడం వల్ల, అతిథులను ఏ రోజుల్లో అనుమతిస్తారో, సామాను మోసే కేడీకి రుసుము ఎంతో ముందే ఫోన్ చేసి తెలుసుకొని బయలుదేరడం మంచిది. రెండు వందల కిలోమీటర్లు ప్రయాణం చేసి గేటు దగ్గర నుంచి వెనుదిరగడం కంటె చిన్నతనం మరొకటి లేదు.

విదేశాలలో కొండనేల పబ్లిక్ కోర్సుగా మారడానికి ఒక సామాన్యమైన కారణం తరచు కనిపిస్తుంది: ఇళ్లకూ సేద్యానికీ అంతగా పనికిరాని నేల ఆటకు మిగులుతుంది. ఎడింబరో నగరంలోని పాత మైదానాలు కిక్కిరిసిపోవడంతో అక్కడి నగరపాలక సంస్థ 1889లో బ్రెయిడ్ హిల్స్‌ను ప్రజల ఆటకు తెరిచింది. నగరాన్ని పైనుంచి చూసే ఆ కొండపై నేటికీ ఆట సాగుతోంది. న్యూయార్క్ రాష్ట్ర ప్రభుత్వ ఉద్యానవనంలో 1936లో తెరిచిన బెత్‌పేజ్ బ్లాక్ కోర్సులో బగ్గీలు ఉండవు, అందరూ నడవవలసిందే. ఇది మిక్కిలి కఠినమైన మైదానమనీ, బాగా నైపుణ్యం ఉన్నవారికే సూచిస్తున్నామనీ మొదటి టీ (ఆట మొదలుపెట్టే చోటు) దగ్గర బోర్డు పెట్టారు. అలాంటి చోట 2002లోనూ 2009లోనూ గోల్ఫ్‌లో అతి పెద్ద పోటీలలో ఒకటైన యూఎస్ ఓపెన్ జరిగిందంటే, ప్రజల మైదానం నాసిరకంగానే ఉంటుందన్న అభిప్రాయం ఎంత తప్పో అర్థమవుతుంది.

అయితే సాధారణమైన కొండ పబ్లిక్ కోర్సు అంత సింగారంగా ఉండదు. అక్కడ వాలే కాపలాదారు కాబట్టి ఇసుక గోతుల అవసరం తక్కువ, అవి కొద్దిగానే కనిపిస్తాయి. నీళ్లు గట్టు మీద నిలవక పల్లంలోకి జారిపోవడం వల్ల మిట్టలు ఎండి గట్టిపడతాయి, పల్లాలు మాత్రం వారాల తరబడి చిత్తడిగా ఉంటాయి. ఒకే హోల్‌లో ఈ రెండూ ఎదురవుతాయని గుర్తుపెట్టుకోవాలి. రోజంతా జనం ఆడటం వల్ల టీ స్థలాలు అరిగిపోయి ఉంటాయి. టీకీ గుంతకూ మధ్య గడ్డి కత్తిరించిన దారి అయిన ఫెయిర్‌వేలో బంతులన్నీ దొర్లి చేరే పల్లపు చోటు ఒకటి ఉంటుంది, అక్కడ అందరూ అదే చోట కొట్టడం వల్ల నేల గాట్లతో నిండి ఉంటుంది. ఆ చోటును తప్పించి నాలుగడుగులు ఎగువన బంతిని ఆపగలిగితే తరువాతి షాట్ సగం గెలిచినట్లే. మా వైపు మైదానాలలో పరిచే బెర్ముడా గడ్డిని చూసి కొత్తవారు విదేశీ సరుకని భ్రమపడతారు గాని, అది వినాయకుడి పూజకు తెచ్చే గరిక జాతిదే. ఎండకు ఓర్చుకొని నేలను పట్టుకొని పాకుతుంది. శీతాకాలంలో మాత్రం ఎదగక పలచబడుతుంది. కొన్ని పాత మైదానాలలో గుంత చుట్టూ నున్నగా ఉండే గడ్డి గ్రీన్‌లు కాక, ఇసుకకు నూనె కలిపి చదును చేసిన బ్రౌన్స్ ఉంటాయి. పేడతో అలికిన కళ్లం మీద గోళీ దొర్లినట్లు వాటి మీద బంతి దొర్లుతుంది, వంపులు తక్కువ, వేగం నమ్మదగినది.

నాలుగు వాలులు, నాలుగు నిలకడలు

ఇక్కడ చెప్పేదంతా కుడిచేతి వాటం ఆటగాణ్ణి దృష్టిలో పెట్టుకొని చెబుతున్నాను; ఎడమచేతివారు దిశలను తిప్పి చదువుకోవాలి.

మొదటిది ఎగువకు కొట్టే వాలు. ఎడమ పాదం మీద, కుడి పాదం కింద ఉంటాయి. వాలు క్లబ్బు (బంతిని కొట్టే కర్రనూ క్లబ్బు అనే అంటారు) ముఖాన్ని మరింత పైకి తిప్పినట్లు పనిచేస్తుంది కాబట్టి బంతి అలవాటైన దానికన్నా ఎత్తుకు లేచి, తక్కువ దూరం పోతుంది. పైగా శరీరం ముందుకు సాగడానికి నేల అడ్డుపడటం వల్ల చేతులు ముందే తిరిగి బంతి ఎడమకు లాగుతుంది. భుజాలను వాలుకు సమాంతరంగా వంచి, బరువును కింది కాలిపై ఉంచి, ఒక మెట్టు ఎక్కువ దూరం కొట్టే క్లబ్బు తీసుకోవాలి; ఇనుప ముఖం గల ఐరన్‌లలో నంబరు తగ్గేకొద్దీ దూరం పెరుగుతుంది. ఏడో ఐరన్ అనిపించిన చోట ఆరో ఐరన్, వాలు మరీ నిటారుగా ఉంటే అయిదో ఐరన్. గురిని కొద్దిగా కుడికి పెట్టాలి.

రెండోది దిగువకు కొట్టే వాలు. నన్నడిగితే నాలుగింటిలోనూ ఎక్కువ మందిని ఏడిపించేది ఇదే. బంతి కింద నుంచి పైకి ఎత్తాలన్న ఆత్రుత సహజంగా పుడుతుంది, ఆ ఆత్రుతలో క్లబ్బు బంతికి ముందే నేలను తాకుతుంది, లేదా బంతి నెత్తిని గీరుతుంది. ఇక్కడ కూడా భుజాలు వాలును అనుసరించాలి, బరువు కింద ఉన్న ఎడమ కాలిమీదే ఉండాలి, బంతిని రెండు పాదాల మధ్యకన్నా కాస్త వెనుకగా ఉంచుకోవాలి, కొట్టిన తరువాత క్లబ్బు వాలు వెంట కిందికే జారాలి. బంతి తక్కువ ఎత్తులో పోయి ఎక్కువగా దొర్లుతుంది, కుడికి జరిగే స్వభావం ఉంటుంది. అందువల్ల ఒక మెట్టు తక్కువ దూరం కొట్టే క్లబ్బు చాలు, గురి కొద్దిగా ఎడమకు. పొడవైన క్లబ్బులతో ఈ వాలు మీద సాహసం చేయడం దండగ. బంతిని ఎత్తుగా, దగ్గరికి కొట్టే వెడ్జ్‌తో సమతలానికి దించి, అక్కడి నుంచి కొట్టడంలో నామోషీ ఏమీ లేదు.

మూడోది పక్కవాలు: బంతి పాదాలకన్నా ఎత్తున ఉంటుంది. బంతి దగ్గరైనట్లే కాబట్టి క్లబ్బును రెండంగుళాలు కిందికి జరిపి పట్టుకోవాలి, నడుము కొంచెం నిటారుగా ఉంచాలి, బరువు కాలివేళ్ల వైపు ఉండాలి. బంతి ఎడమకు వంగుతుంది. క్లబ్బు ముఖం ఎంత వాలుగా ఉంటే ఆ వంపు అంత ఎక్కువ. అందుకే వెడ్జ్‌తో కొట్టేటప్పుడు గురిని మరింత కుడికి పెట్టాలని అనుభవజ్ఞులు చెబుతారు. నాలుగోది దానికి విలోమం: బంతి పాదాలకన్నా కింద ఉంటుంది. మోకాళ్లను బాగా వంచి, క్లబ్బును చివర పట్టుకొని, కొట్టడం పూర్తయ్యేవరకు ఆ ఎత్తును వదలకుండా ఉండాలి. మధ్యలో లేస్తే బంతి నెత్తికే తగులుతుంది. బరువు మడమల వైపు ఉంచకపోతే ముందుకు తూలుతారు. బంతి కుడికి పోతుంది.

నిజమైన మైదానంలో ఈ నాలుగూ విడివిడిగా దొరకవు, దిగువ వాలూ పక్కవాలూ కలిసే వస్తాయి. అప్పుడు ఏది బలమైనదో దానికి సర్దుకొని, రెండో దానికి గురిలో మాత్రమే చోటివ్వాలి. అన్నిటికీ వర్తించే సూత్రం ఒకటి ఉంది: వాలు మీద ముప్పావు ఊపుతోనే కొట్టాలి. పూర్తి ఊపులో శరీరం తూకం తప్పుతుంది. ఆ తప్పిన తూకాన్ని సరిదిద్దుకునే ప్రయత్నంలోనే చెడ్డ షాట్లన్నీ పుడతాయి. షాట్‌కు ముందు అదే వాలు మీద రెండు ఉత్త ఊపులు ఊపి, క్లబ్బు గడ్డిని ఎక్కడ తాకుతున్నదో చూసుకొని, బంతిని ఆ చోటికి తగ్గట్లు పెట్టుకొని నిలబడాలి. ఈ ఒక్క అలవాటు నా లెక్కలో అయిదారు పాఠాలతో సమానం.

దూరం లెక్క

మన మైదానాలలో దూరాలను గజాలలో చెబుతారు. ఎత్తును లెక్కలోకి తీసుకోవడానికి సులువైన పద్ధతి: గ్రీన్ ఎన్ని గజాలు ఎత్తున ఉందో అన్ని గజాలు దూరానికి కలపాలి, పల్లంలో ఉంటే దాదాపు అన్నే తీసివేయాలి. 150 గజాల దూరంలో, 15 గజాల ఎత్తున ఉన్న గ్రీన్‌కు 165 గజాల క్లబ్బు తీయాలన్నమాట. ఎత్తును కంటితో అంచనా వేయడం కష్టమనిపిస్తే, గ్రీన్ దగ్గర నిలబడిన మనిషినో, దారిలోని తాటిచెట్టునో కొలబద్దగా తీసుకోవచ్చు. ఎత్తున ఉన్న గ్రీన్ మీద బంతి దిగువకు పడటం పూర్తికాకముందే నేలను తాకుతుంది కాబట్టి ఆగకుండా ముందుకు దొర్లుతుంది. పల్లపు గ్రీన్ మీద నిటారుగా పడి తొందరగా ఆగుతుంది. కాని గాలిలో ఎక్కువసేపు ఉంటుంది కాబట్టి ఈదురుగాలి దాన్ని పక్కకు నెట్టడానికి ఎక్కువ అవకాశం దొరుకుతుంది.

సముద్రమట్టం నుంచి ఎత్తు పెరిగేకొద్దీ గాలి పలచబడి బంతి ఎక్కువ దూరం పోతుంది. వెయ్యి మీటర్లకు సుమారు నాలుగు శాతం అనుకోవచ్చు. విశాఖలో 150 గజాలు పోయే షాట్ నల్దేహ్రా ఎత్తున 160 దాటుతుంది. ఒడిశాలోకెల్లా ఎత్తయిన దేవమాలి 1,672 మీటర్లే కాబట్టి మన కొండల్లో ఈ తేడా మరీ పెద్దది కాదు. గ్రీన్ ఎత్తుపల్లాల లెక్క ముందు దాన్ని రెండో స్థానంలో ఉంచవచ్చు. దూరం కొలిచే లేజర్ పరికరాన్ని నియమాలు అనుమతిస్తాయి గాని, వాలును కలిపి లెక్క చెప్పే సౌకర్యాన్ని పోటీలలో నిలిపివేయాలి; స్నేహితుల ఆటలో వాడుకొని నేర్చుకోవడం మంచిదే.

ఇక్కడ ఒక అపోహను తొలగించాలి. స్కోర్‌కార్డు మీద స్లోప్ రేటింగ్ అనే అంకె ఉంటుంది. అది నేల వాలును తెలిపే అంకె కాదు. నిపుణుడితో పోలిస్తే మామూలు ఆటగాడికి ఆ మైదానం ఎంత ఎక్కువ కష్టమో చెప్పే కొలత. 55 నుంచి 155 వరకు ఉంటుంది, 113ను సగటు మైదానంగా భావిస్తారు. ఒక్క మిట్టైనా లేని మైదానానికి, నీళ్లూ చెట్లూ ఎక్కువైతే, ఈ అంకె పెద్దదిగా ఉండవచ్చు.

గ్రీన్‌ను చదవడం: మడిగట్టు కన్ను

కొండ మైదానంలో గ్రీన్ మీద కన్ను మోసపోతుంది. చుట్టూ ఉన్న నేలంతా ఒక వైపు వాలి ఉంటే కన్ను ఆ వాలునే చదునుగా భావిస్తుంది, నిజంగా చదునైనది ఎదురెక్కినట్లు కనిపిస్తుంది. అందుకే ఎగువ అనుకొని గట్టిగా కొట్టిన పట్ (గ్రీన్ మీద బంతిని దొర్లించే దెబ్బ) హోల్ దాటి జారిపోతుంది. దీనికి మందు మన పల్లెల్లోనే ఉంది. కోరాపుట్ వైపు ఝోలా అని పిలిచే లోయపు మడులలో మెట్లు మెట్లుగా వరి పండించే రైతు గట్టు మీద నిలబడి నీళ్లు ఎటు పారతాయో ఒక్క చూపులో చెబుతాడు. గ్రీన్ మీదికి నడిచి వస్తున్నప్పుడే, యాభై గజాల దూరం నుంచి, ఈ నేల మీద బిందెడు నీళ్లు కుమ్మరిస్తే ఎటు పోతాయని ప్రశ్నించుకోవాలి. గ్రీన్ ఎక్కిన తరువాత ఆ ప్రశ్నకు జవాబు దొరకదు. పెద్ద కొండ ఎటు ఉందో చూసి, బంతి దానికి దూరంగా వంగుతుందని అనుకోవడం చాలా చోట్ల సరిపోతుంది. కంటికి, ఈ సూత్రానికి తేడా వస్తే సూత్రాన్నే నమ్మమని నా సలహా. గ్రీన్‌కు బంతిని చేర్చేటప్పుడు హోల్‌కు దిగువనే ఉంచాలి. ఎగువనుంచి మూడడుగుల పట్‌కన్నా దిగువనుంచి ఎనిమిదడుగుల పట్ నయం.

వాలు గ్రీన్ మీద గాలికో, తనంతట తానో బంతి కదులుతుంటుంది. బంతిని ఒకసారి గుర్తు పెట్టి ఎత్తి, తిరిగి పెట్టి ఉంటే, అది కదిలినా మళ్లీ అదే చోట పెట్టాలని నియమం. ఎత్తకుండా వదిలేస్తే, కదిలిన కొత్త చోటునుంచే ఆడాలి. కాబట్టి గ్రీన్ ఎక్కగానే బంతిని గుర్తుపెట్టి ఎత్తడం లాభసాటి అలవాటు.

కనిపించని బంతి, జారే బంతి

మిట్ట మీదుగా కొట్టవలసిన గుడ్డి షాట్లు కొండ మైదానంలో తప్పవు. మన దేశపు మైదానాలలో ముందుగా వెళ్లి బంతిని చూసే మనిషిని ఆగేవాలా అంటారు; అతనికిచ్చే డబ్బు వృథా కాదు. అతను లేకపోతే ముందున్న జట్టు మిట్ట దిగి దూరమయ్యేవరకు ఆగాలి, అనుమానం ఉంటే ఒకరు మిట్ట ఎక్కి చూసి రావాలి, బంతి దారి తప్పిన క్షణంలోనే ‘ఫోర్’ అని గొంతెత్తి అరవాలి. మొహమాటపడి చిన్న గొంతుతో అరిచిన అరుపు ఎవరినీ కాపాడదు.

బంతిని వెదకడానికి మూడు నిమిషాలే గడువు. దొరకదేమోనన్న సందేహం ఉంటే కదలకముందే ప్రొవిజనల్ (తాత్కాలిక) బంతి అని చెప్పి మరొకటి కొట్టాలి. కొండ దిగి వెదికి మళ్లీ కొండెక్కి వచ్చే శ్రమ తప్పుతుంది, వెనుక జట్టు శాపనార్థాలూ తప్పుతాయి. తుప్పల్లో, రాళ్ల సందుల్లో చేయి పెట్టకూడదు. క్లబ్బుతో కదిపి చూడాలి. పాము, తేనెటీగలు వంటి ప్రమాదం దగ్గరగా ఉంటే శిక్ష లేకుండా బంతిని పక్కకు తీసుకొనే హక్కు నియమాలలో ఉంది. ఆడలేని చోట బంతి ఉంటే ఒక షాట్ శిక్షతో రెండు క్లబ్బుల దూరంలో, హోల్‌కు దగ్గర కాకుండా, మోకాలి ఎత్తు నుంచి వదలవచ్చు. వాలు మీద వదిలిన బంతి ఆ రెండు క్లబ్బుల హద్దు దాటి దొర్లిపోతే రెండోసారి వదలాలి. అదీ పోతే, రెండోసారి నేలను తాకిన చోట చేత్తో పెట్టాలి. కొండ మైదానంలో ఈ ఒక్క నియమమూ తెలియక జరిగే వాదనలు ఇన్నీ అన్నీ కావు.

కాలం, కాళ్లు

జూన్ నుంచి సెప్టెంబరు వరకు మా కొండల్లో వానలు గట్టివి. చిత్తడిలో తన దెబ్బకు తానే కూరుకుపోయిన బంతిని ఫెయిర్‌వేలోనూ, దాని పక్క పొడుగు గడ్డి అయిన రఫ్‌లోనూ శిక్ష లేకుండా తీసి వదలవచ్చు. ఎర్రమట్టి వాలు తడిస్తే సబ్బులా జారుతుంది. స్పైక్ బూట్లు తప్పనిసరి, తడి వాలుకు అడ్డంగా బగ్గీ నడపడం ప్రాణాంతకం. ఉరుము వినిపిస్తే ఎవరి అనుమతీ అక్కరలేకుండా ఆట ఆపవచ్చు. ఒడిశాలో పిడుగుపాటు మరణాలు ఎంత ఎక్కువో మనకు తెలియనిది కాదు; మిట్ట మీద ఇనుప క్లబ్బు ఎత్తి నిలబడటం, ఒంటరి చెట్టు కింద తలదాచుకోవడం, రెండూ కూడవు. అక్టోబరు చివరి నుంచి ఫిబ్రవరి వరకు ఆట హాయి. ఉదయం మంచు తడి ఆరేదాకా బంతి దొర్లదు, పట్ కొంచెం గట్టిగా కొట్టాలి. మార్చి దాటాక మిట్టలు రాయిలా మారతాయి. అప్పుడు గ్రీన్ మీద బంతిని నేరుగా దింపడం మాని, ముందే పడేసి దొర్లించాలి.

సామాను తగ్గించుకోవాలి. పద్నాలుగు క్లబ్బులు పెట్టుకోవచ్చని నియమం చెబుతుంది గాని, పెట్టుకోమని చెప్పదు, తొమ్మిది చాలు. అలసట వచ్చేది ఎక్కేటప్పుడు, దెబ్బ తగిలేది దిగేటప్పుడు: మోకాళ్లు దిగుడులోనే నొప్పి పడతాయి కాబట్టి చిన్న అడుగులతో, కాస్త అడ్డంగా దిగాలి. గ్రీన్ పక్కకు ఎక్కి వచ్చిన వెంటనే పట్ కొట్టకుండా, ఊపిరి నిలదొక్కుకొనేదాకా నాలుగు శ్వాసలు ఆగాలి. మా వైపు మండియా పేజ్ అనే రాగి అంబలి సీసాలో పోసుకొని వెళ్తే తొమ్మిదో హోల్ దాటాక దాని విలువ తెలుస్తుంది. లెక్క విషయంలో, కొత్తవారు మొత్తం షాట్లను కూడటంకన్నా స్టేబుల్‌ఫోర్డ్ పద్ధతిలో ఆడటం మేలు. అందులో పార్‌కు (ఆ హోల్‌కు నిర్ణయించిన షాట్ల సంఖ్యకు) రెండు మార్కులు, ఒక హోల్ పూర్తిగా చెడిపోతే సున్నాతో బంతిని జేబులో వేసుకొని ముందుకు సాగవచ్చు.

ఇంటి దగ్గర సాధన

మైదానం దూరమైనా వాలు దూరం కాదు. కోత అయిపోయిన నవంబరు, డిసెంబరు నెలల్లో, రైతును అడిగి, పశువులూ మనుషులూ లేని మెట్ట చేను చూసుకొని, తేలికైన ప్లాస్టిక్ బంతులతో నాలుగు వాలుల మీదా ఇరవై చొప్పున ముప్పావు ఊపులు కొట్టాలి. అసలు బంతితో ఆ పని చేయకూడదు; దాని దెబ్బకు మనిషి తల పగులుతుంది. బంతి ఎటు పోయిందన్నది అక్కడ ముఖ్యం కాదు, కొట్టిన తరువాత మూడు లెక్కపెట్టేదాకా కదలకుండా నిలబడగలిగామా అన్నదే చూసుకోవాలి. నేను కిందటి శీతాకాలంలో ఇలా మొదలుపెట్టినప్పుడు దిగువ వాలు మీద ఇరవైలో ఆరుసార్లు మాత్రమే నిలవగలిగాను. పక్క చేనులో గొర్రెలు కాస్తున్న కుర్రవాడు అదే వాలు మీద ఒంటికాలిపై, కర్ర ఆనుకొని, చాలాసేపు నిలబడి నన్నే చూస్తూ ఉండిపోయాడు.